ఓపెన్ సోర్స్, లినక్స్, గేమింగ్: వాదనల్లో తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గేమ్ కంట్రోలర్ పంపే సిగ్నళ్ళను చదివి గేమ్‌కి అందించే ఒక చిన్న ఓపెన్ సోర్స్ (ఎవరైనా చదివి, మార్చి, వాడుకోగల) లైబ్రరీకి, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ముక్కకి, నేను తొమ్మిదేళ్ళుగా మెయింటైనర్‌ని, దాని బాగోగులు చూసేవాణ్ణి. పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని. మీరు బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద బొమ్మ ఎగిరేదాకా జరిగే పనుల్లో ఒక చిన్న ముక్క మాది. ఈ తొమ్మిదేళ్ళలో ఓపెన్ సోర్స్ మంచిదా కాదా, విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ గేమింగ్‌కి పనికొస్తుందా రాదా, సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) కావాలి అన్న వాదనలు లెక్కలేనన్ని చూశాను. రెండు వైపులా తెలివైనవాళ్ళే ఉంటారు. కానీ దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అసలు ఈ పని చేస్తున్నది ఎవరు? ఆ ప్రశ్న వేసుకుంటే చాలా చిక్కుముడులు విడిపోతాయని నా అనుభవం.

అపోహ: ఓపెన్ సోర్స్ అంటే ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్

ఈ గందరగోళం ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఆ భాషలో డబ్బు అడగకపోయినా ఫ్రీయే, స్వేచ్ఛ ఉన్నా ఫ్రీయే. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు మాట్లాడింది స్వేచ్ఛ గురించి. ప్రోగ్రామ్‌ని ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. అమ్ముకోవచ్చు కూడా. ఆ ప్రాజెక్టు నుంచి వచ్చిన జీపీఎల్ లైసెన్స్‌లో అమ్మకూడదని ఎక్కడా లేదు. ఫ్రీ అనే మాటతో వచ్చే తికమక తప్పించడానికే 1998లో క్రిస్టీన్ పీటర్సన్ ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు సూచించారు. పేరు నిలబడింది, తికమక కూడా నిలబడింది. ఓపెన్ సోర్స్ మీదే వ్యాపారం చేసిన రెడ్ హ్యాట్‌ని 2019లో ఐబీఎం దాదాపు 3,400 కోట్ల డాలర్లకు కొన్నదంటే, ఇది ఉచిత పంపిణీ వ్యవహారం కాదని అర్థమవుతుంది.

దీనికి తిరగేసిన అపోహ ఇంకొకటి: కోడ్ కనిపిస్తోంది కాబట్టి అది ఓపెన్ సోర్సే అనుకోవడం. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో ఎవరైనా కోడ్ పెట్టి లైసెన్స్ జతచేయకపోతే హక్కులన్నీ రాసినవాళ్ళవే. చదవగలం, అంతే. తెచ్చి మన ప్రాజెక్టులో కలుపుకునే అనుమతి ఎవరూ ఇవ్వలేదు. కొత్తగా కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. దయచేసి ముందు లైసెన్స్ ఫైల్ చూడండి.

అపోహ: కోడ్ అందరూ చూస్తారు కాబట్టి ఓపెన్ సోర్స్ సురక్షితం

అందరూ చూడగలరు అన్నది నిజం. అందరూ చూస్తారు అన్నది నిజం కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే పెద్ద ప్రమాదాలన్నీ జరిగాయి.

2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ సంగతి తీసుకోండి. వెబ్‌లో మన పాస్‌వర్డ్‌లు రహస్యంగా ప్రయాణించడానికి ఎన్నో సర్వర్లు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఉన్న లోపం అది. అవతలి కంప్యూటర్ చిన్న సందేశం పంపి, ‘నేను ఇన్ని బైట్లు పంపాను, అన్నీ తిరిగి పంపు’ అంటుంది. నిజంగా అన్ని బైట్లు వచ్చాయా లేదా అని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సరిచూడలేదు. దాంతో మెమరీలో పక్కనే ఉన్న డేటాలోంచి ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా పంపేసేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, సర్వర్ రహస్య తాళాలు ఉండొచ్చు. ఆ కోడ్ 2012 మార్చిలో విడుదలైన 1.0.1 వెర్షన్ నుంచి రెండేళ్ళపాటు ప్రపంచం కళ్ళ ముందే ఉంది. అంత కీలకమైన ప్రాజెక్టుకు అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేది ఒక్కరు. చూడాల్సిన కళ్ళకు జీతం ఎవరూ ఇవ్వలేదు.

ఎక్స్‌జెడ్ ఉదంతం నన్ను ఇంకా ఎక్కువ కలచివేసింది. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్ళను కుదించే ఒక చిన్న టూల్, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. చాలాకాలం దాని భారం ఒక్క మనిషి మీదే నడిచింది. 2021 నుంచి ‘జియా టాన్’ అనే పేరుతో ఒక ఖాతా మంచి ప్యాచ్‌లు (కోడ్‌కి సవరణలు) పంపుతూ వచ్చింది. మరికొన్ని ఖాతాలు ఆ మెయింటైనర్ మీద ఒత్తిడి పెట్టాయి: పని నెమ్మదిగా నడుస్తోంది, ఇంకొకరికి అప్పగించు అని. చివరికి జియా టాన్‌కు విడుదలలు చేసే అధికారం దక్కింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. హానికరమైన భాగాన్ని పరీక్షల కోసం ఉంచే, మనిషి చదవలేని బైనరీ ఫైళ్ళలో దాచారు. దాన్ని మేల్కొలిపే స్క్రిప్ట్‌ని కోడ్ మార్పులన్నీ నమోదయ్యే, అందరూ చదివే గిట్‌లో కాకుండా, విడుదల ప్యాకేజీలో మాత్రమే కలిపారు. అంటే సోర్స్ కోడ్ మొత్తం శ్రద్ధగా చదివినవాళ్ళకు కూడా అది కనిపించి ఉండేది కాదు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానం వచ్చి తవ్వుకుంటూ వెళ్ళి, 2024 మార్చి 29న ప్రపంచానికి చెప్పారు. అప్పటికి అది కొన్ని లినక్స్‌ల పరీక్షా వెర్షన్ల దాకానే చేరింది. ఇంకొన్ని వారాలు గడిచి ఉంటే స్థిరమైన విడుదలల్లోకి వెళ్ళేది.

ఆ పాత మెయిళ్ళు చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ‘ఇంకా ఎందుకు విడుదల చేయలేదు? చేతకాకపోతే తప్పుకోండి’ అన్న తరహా మెయిళ్ళు నాకూ వస్తాయి. అందులో ఏది విసిగిపోయిన ఆటగాడిది, ఏది పన్నాగం? లోపల కూర్చున్నవాడికి తేడా తెలియదు. ఆ ఏడాది మా ప్రాజెక్టులో ఒక మార్పు చేశాం. విడుదల ప్యాకేజీని నా లాప్‌టాప్‌లో కాకుండా గిట్‌లో ఉన్న కోడ్ నుంచే ఆటోమేటిక్‌గా తయారుచేస్తున్నాం. ఇద్దరు ఒప్పుకుంటేనే బయటికి వెళ్తుంది.

మరి కోడ్ దాచిపెడితే సురక్షితమా? అదీ కాదు. 2017 మేలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై ప్రపంచమంతా వ్యాపించింది విండోస్‌లోని ఒక లోపం పట్టుకునే. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక తెలుగు అక్షర క్రమం సందేశంగా వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిన విషయం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మూసి ఉన్నా, తెరిచి ఉన్నా, తప్పులు మనుషులు రాసే ప్రతిచోటా ఉంటాయి. తెరిచి ఉన్న కోడ్‌తో ఒక లాభం మాత్రం ఖాయం. ఆండ్రెస్ ఫ్రాయిండ్ లాంటి బయటి మనిషి అనుమానం వస్తే లోపలిదాకా వెళ్ళి చూడగలడు.

అపోహ: ఓపెన్ సోర్స్ అంతా ఖాళీ సమయంలో సరదాకి రాసేదే

లినక్స్‌కి గుండె లాంటి కెర్నల్‌కి వచ్చే మార్పుల్లో ఎక్కువ భాగం ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ లాంటి కంపెనీల్లో జీతం తీసుకునే ఇంజనీర్లు రాస్తున్నవి. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని అత్యంత వేగమైన 500 యంత్రాల జాబితా టాప్500లోని సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఇబ్బంది చిన్న లైబ్రరీలతోనే. పెద్ద భవనం కింద కనపడని ఇటుకలవి. అక్కడ జీతం ఉండదు, సెలవు ఉండదు.

అపోహ: లినక్స్‌లో గేమ్స్ ఆడలేం

పదేళ్ళ క్రితం ఈ మాట అంటే నేను వాదించేవాణ్ణి కాదు. ఇప్పుడు వాదిస్తాను.

వైన్ ప్రాజెక్టు 1993లో మొదలైంది. అది విండోస్‌ని అనుకరించే ఎమ్యులేటర్ కాదు. విండోస్ ప్రోగ్రామ్ అడిగే ప్రతి పనినీ లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చి చెప్పే దుబాసీ. డీఎక్స్‌వీకే అనేది గ్రాఫిక్స్ విషయంలో అదే పని చేస్తుంది. గేమ్ విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్3డీలో అడిగితే, లినక్స్‌లోనూ నడిచే వల్కన్ భాషలోకి మారుస్తుంది. ఇది ఒక్క డెవలపర్ మొదలుపెట్టిన పని. తర్వాత స్టీమ్ అనే గేమ్ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ దానికి డబ్బు పెట్టింది. ఇవన్నీ కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ వచ్చింది, 2022 ఫిబ్రవరిలో దాన్ని నమ్ముకుని చేతిలో పట్టుకుని ఆడే యంత్రం స్టీమ్ డెక్ వచ్చింది. అనువాదం అంటే వేగం తగ్గాలి కదా అంటారు. కొద్దిగా తగ్గొచ్చు, కొన్ని గేమ్స్‌లో తగ్గదు, ఎందుకంటే అసలు భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే ఉంటుంది. ఆ చిప్ చేసే లెక్కలు అవే.

కానీ మా వైపు వాళ్ళు ‘అన్నీ ఆడుతున్నాయి’ అంటే అదీ అపోహే. ఆన్‌లైన్ పోటీ గేమ్స్‌లో మోసాన్ని పట్టుకునే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్ పెద్ద అడ్డు. వాలరెంట్ అనే గేమ్ వాడే వ్యాన్‌గార్డ్ విండోస్ కెర్నల్ లోపల కూర్చుంటుంది. దాన్ని వైన్ అనువదించలేదు. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ 2021 నుంచి ప్రోటాన్‌ని అనుమతిస్తున్నాయి, కానీ గేమ్ తయారుచేసినవాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్ళు మనసు మార్చుకోవచ్చు కూడా. ఏపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబర్ చివర్లో లినక్స్ ఆటగాళ్ళకు తలుపు మూసేసింది. అందుకే ఎవరైనా లినక్స్‌కి మారాలా అని అడిగితే, ముందు మీరు ఆడే గేమ్స్ పేర్లు చెప్పండి అంటాను.

అపోహ: కన్ను సెకనుకు 30 ఫ్రేములకు మించి చూడలేదు

సినిమా 24 ఫ్రేములతో బాగానే ఉంటుంది కదా అన్నది ఈ వాదనకు మూలం. సినిమా కెమెరా ప్రతి ఫ్రేములోనూ కదలికను కొంచెం అలుక్కుపోయినట్టు బంధిస్తుంది, కన్ను దాన్ని కలిపేసుకుంటుంది. పైగా సినిమాలో బొమ్మను కదిలించేది మీరు కాదు. గేమ్‌లో మీ బొటనవేలు కదిలింది, తెర ఎప్పుడు బదులిస్తుందా అని చెయ్యి ఎదురుచూస్తుంది. తేడా ముందు తెలిసేది చేతికే.

లెక్క చూడండి. 30 ఫ్రేములంటే ఒక్కోటి 33.3 మిల్లీసెకన్లు. 60 అయితే 16.7, 120 అయితే 8.3, 240 అయితే 4.2. 30 నుంచి 60కి వెళ్తే దాదాపు 17 మిల్లీసెకన్లు ఆదా, 120 నుంచి 240కి వెళ్తే 4 మాత్రమే. కాబట్టి 240 లేకపోతే ఆడలేం అన్న మాట కూడా చాలామందికి వర్తించదు. సగటు అంకె కన్నా ఫ్రేములు సమానమైన ఎడంతో రావడం ముఖ్యం. సగటున 90 వస్తూ మధ్యమధ్యలో ఆగే గేమ్ కన్నా నిలకడగా 60 ఇచ్చే గేమ్ హాయిగా ఉంటుంది.

ఎవరూ మాట్లాడని ఇంకో సంగతి ఉంది, నేను రోజూ చూసేది. కంట్రోలర్ సెకనుకు 125 సార్లు మాత్రమే కబురు పంపితే, ఒక్కో కబురుకీ మధ్య 8 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. టీవీ అయితే బొమ్మను అందంగా చేయడానికి తీసుకునే సమయం అంతకంటే చాలా ఎక్కువ కావచ్చు. ‘మీ లైబ్రరీ నెమ్మదిగా ఉంది’ అని వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి పరిష్కారం టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయడమే.

     

అపోహ: డబ్బులిచ్చి కొన్న గేమ్ మనదే

డిజిటల్‌గా కొన్నదాంట్లో మనకు దక్కేది లైసెన్స్. ద క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడే భాగానికి కూడా సర్వర్ తప్పనిసరి కాబట్టి, డబ్బులు పెట్టినవాళ్ళకు ఏమీ మిగల్లేదు. 2025 నుంచి కాలిఫోర్నియాలో, ఇచ్చేది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడకూడదు. చట్టమే తెచ్చారు. దీని పక్కన డూమ్‌ని పెట్టి చూడండి. 1993 నాటి గేమ్. దాని సోర్స్ కోడ్‌ని 1997 చివర్లో విడుదల చేశారు, 1999లో జీపీఎల్ కిందికి తెచ్చారు. బొమ్మలు, లెవల్స్ అందులో లేవు, కోడ్ మాత్రమే. అది చాలింది. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని అక్కడ నడిపిస్తూనే ఉన్నారు.

అపోహ: నాకు కోడింగ్ రాదు, ఓపెన్ సోర్స్‌కి నేను చేయగలిగింది ఏమీ లేదు

ఒకసారి ఒకాయన మాకు రాశారు. తన కంట్రోలర్‌లో ట్రిగ్గర్ పావు వంతు నొక్కితేనే పూర్తిగా నొక్కినట్టు గేమ్‌లో కారు దూసుకుపోతోందని. తనకు ప్రోగ్రామింగ్ ఏమీ తెలియదని ముందే చెప్పారు. కానీ రెండు కేబుళ్ళతో, రెండు కంప్యూటర్లలో ప్రయత్నించారు. ట్రిగ్గర్‌ని ఎంత నొక్కితే ఏ అంకె వస్తోందో వరసగా రాసి పెట్టారు, లాగ్ ఫైల్ జతచేశారు. ఆ కంట్రోలర్ మా దగ్గర ఎవరికీ లేదు. ఆయన పట్టిక చూడగానే విషయం తెలిసిపోయింది. ఆ ట్రిగ్గర్ 0 నుంచి 1023 దాకా అంకెలు పంపుతోంది, మేము 255 దాటితే అదే చివర అనుకుంటున్నాం. ఆరు వరసల మార్పు, ఇరవై నిమిషాల పని. ఆ పట్టికే లేకపోతే మాకు నెలలు పట్టేది. ఆ ఆరు వరసల పైన కామెంట్‌గా ఆయన రాసిన అంకెలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.