డిస్టార్ట్, ట్విస్ట్, వార్ప్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కోచింగ్ సెంటర్ల పక్కనున్న జిరాక్స్ షాపుల్లో అమ్మే ఇంగ్లిష్ మెటీరియల్‌లో ‘డిస్టార్ట్’ ఎదురుగా వరసగా కనిపించే మాటలు ఇవి: ట్విస్ట్, వార్ప్, కంటార్ట్, డిఫార్మ్, స్క్యూ, గార్బుల్, మిస్‌రిప్రజెంట్. అన్నిటికీ కలిపి ఒకే అర్థం, ‘వక్రీకరించు’. పరీక్షలో మార్కులు పోయేది ఈ వరస దగ్గరే.

అపోహ: ఇవన్నీ పర్యాయపదాలు కాబట్టి ఏది ఎక్కడ వేసినా చెల్లుతుంది.

చెల్లదు. క్రియ చూడకముందు వంకరపోయింది ఏమిటో చూడాలి. వస్తువా, ఒళ్లా, శబ్దమా, మాటా, లెక్కా? క్రియను నిర్ణయించేది అదే.

వార్ప్ ముందుగా చెక్కకు పుట్టిన మాటలా వాడతారు. చెక్క ఒక వైపు తడిసి, రెండో వైపు పొడిగా ఉంటే పలక వంపు తిరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు తలుపు ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుంటే అది స్వెల్ మాత్రమే. గడియ పెట్టినా పై మూల ఆనకుండా బయటికి లేచి ఉంటే అది వార్ప్. మే ఎండకు ప్లాస్టిక్ మూత వంకరపోయినా ఇదే క్రియ. మనిషి ఆలోచనకు వాడితే కొంతకాలంగా పడిన ప్రభావం వల్ల బుద్ధి వంకరపోయిందని అర్థం. వార్ప్‌డ్ జడ్జ్‌మెంట్ అనేది అలా వచ్చిందే. వెంకటగిరి మగ్గం మీద పడుగును కూడా ఇంగ్లిష్‌లో వార్ప్ అనే అంటారు. అక్కడ వంకర ప్రసక్తే లేదు, అది నిలువు దారాల పేరు.

ట్విస్ట్‌లో మెలి ఉండాలి. అలిపిరి మెట్లు దిగేటప్పుడు అడుగు పక్కకు పడి మడమ బెణికితే ‘ట్విస్టెడ్ మై యాంకిల్’. అక్కడ డిస్టార్ట్ పెడితే వ్యాకరణం తప్పదు గానీ వినేవాళ్లు నవ్వుతారు. ఘాట్ రోడ్డు మలుపులకూ ట్విస్ట్ సరిపోతుంది. ‘ట్విస్ట్ సమ్‌వన్స్ ఆర్మ్’ మన ‘మెడలు వంచి ఒప్పించడం’తో సమానం.

శబ్దం దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. గంగమ్మ జాతరలో మైక్‌సెట్టు వాల్యూమ్ చివరిదాకా పెంచితే ‘సౌండ్ పగులుతోంది’ అంటాం. ఆంప్లిఫయర్ తన శక్తికి మించి లాగినప్పుడు శబ్ద తరంగం పై కొనలు, కింది కొనలు కత్తిరించినట్టు చదునవుతాయి. ఆ గరగరే డిస్టార్షన్. రైల్వే స్టేషన్‌లో ప్రకటన వినబడి కూడా ఏ రైలు ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో అర్థం కాకపోతే అది గార్బుల్డ్. డిస్టార్ట్‌లో శబ్దం రూపం చెడుతుంది, గార్బుల్‌లో సమాచారం కలగాపులగం అవుతుంది. ఒక్కోసారి మొదటిదే రెండోదానికి కారణం, అయినా మాటలు వేరు.

అద్దంలో, కెమెరాలో రూపం మారితే డిస్టార్ట్. ఫోన్‌లోని అల్ట్రావైడ్ లెన్స్‌తో గాలిగోపురాన్ని దగ్గర నుంచి తీస్తే ఫోటో అంచుల్లో నిటారు గీతలు విల్లులా వంగుతాయి. గోపురానికేమీ కాలేదు, బొమ్మలో ఆకారం మాత్రమే మారింది. అందుకే డిఫార్మ్ అక్కడ కుదరదు. డిఫార్మ్ అంటే వస్తువు ఆకారమే నిజంగా చెడాలి.

లెక్కలకు స్క్యూ. బ్రహ్మోత్సవాల రోజుల రద్దీ మాత్రమే తీసుకుని తిరుమల ఏడాది సగటు కడితే ఫలితం ఒక పక్కకు ఒరిగిపోతుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు, అంకెలన్నీ నిజమే, ఎంపిక ఒరిగింది. డిస్టార్ట్ అన్నా తప్పు కాదు, కానీ ఆప్షన్లలో స్క్యూ ఉంటే అదే మేలు.

కంటార్ట్ ఒంటికీ ముఖానికీ వాడతారు, ముఖ్యంగా నొప్పితోనో కోపంతోనో మెలితిరిగినప్పుడు. ముఖం విషయంలో మాత్రం డిస్టార్ట్, కంటార్ట్ రెండూ నడుస్తాయి. పర్యాయపదాలు నిజంగా పక్కపక్కన నిలబడే చోట్లలో ఇదొకటి.

అపోహ: డిస్టార్ట్ అంటే అబద్ధం చెప్పడం.

డిస్టార్ట్ చేయాలంటే ముందు నిజం అనేదొకటి ఉండాలి. లేనిదాన్ని పుట్టించడం ఫ్యాబ్రికేట్. ఉన్నదాన్ని వంకరగా చూపడం డిస్టార్ట్. ఉద్దేశం కూడా తప్పనిసరి కాదు, అద్దానికి ఉద్దేశమేముంటుంది? జ్ఞాపకం కూడా ఎవరూ కావాలని చేయకుండానే డిస్టార్ట్ అవుతుంది. మాటల విషయంలో ట్విస్ట్ వాడితే మాత్రం కావాలనే చేశారన్న నింద అందులోనే ఉంటుంది. బెండ్ ద ట్రూత్ ఇంకాస్త మెత్తన, నిజాన్ని కొంచెం సాగదీశారన్నంత వరకే.

అపోహ: ‘మాట తిప్పాడు’ అంటే ‘హి ట్విస్టెడ్ హిజ్ వర్డ్స్’.

చిత్తూరు వైపు పిల్లల అనువాదాల్లో తరచూ కనిపించే పొరపాటు ఇది. ‘నిన్న ఒప్పుకున్నాడు, ఈ పొద్దు మాట తిప్పేసినాడు’ అన్నప్పుడు తిప్పింది తన మాటనే, కాబట్టి ‘వెంట్ బ్యాక్ ఆన్ హిజ్ వర్డ్’ అనాలి. ‘ట్విస్ట్ వర్డ్స్’ సాధారణంగా ఎదుటివాళ్ల మాటల్ని చేసేది. ‘నా మాటలకు పెడర్థాలు తీయకండి’ అనే వాక్యానికి ‘డోంట్ ట్విస్ట్ మై వర్డ్స్’ అతికినట్టు సరిపోతుంది. ‘మడతపేచీ’కి ఇవేవీ పనికిరావు, క్విబుల్ దగ్గరగా ఉంటుంది. నాయకులు రోజూ అనే ‘నా వ్యాఖ్యల్ని వక్రీకరించారు’కు డిస్టార్టెడ్, మిస్‌రిప్రజెంటెడ్ రెండూ సరే. ముందూ వెనకా కోసేసి ఒక ముక్క మాత్రమే చూపారన్నది ఫిర్యాదైతే ‘అవుట్ ఆఫ్ కాంటెక్స్ట్’ అనాలి.

అపోహ: ధాతువు తెలిస్తే అర్థం చేతికొచ్చినట్టే.

సగం నిజం. డిస్టార్ట్, కంటార్ట్, ఎక్స్‌టార్ట్, రిటార్ట్, టార్చర్, టార్క్ అన్నీ మెలితిప్పడం అనే లాటిన్ ధాతువు నుంచి వచ్చినవే. గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ ఎక్స్‌టార్ట్ అంటే బెదిరించి గుంజుకోవడం, రిటార్ట్ అంటే ఎదురు జవాబివ్వడం. ఈ రెంటినీ డిస్టార్ట్ పక్కన ఆప్షన్లుగా పెట్టేది అందుకే. వార్ప్ పాత ఇంగ్లిష్‌లో విసరడం. గార్బుల్ అయితే మరీ విచిత్రం: జల్లెడ అనే అర్థమున్న అరబిక్ మాట నుంచి వచ్చింది, మొదట్లో మసాలా దినుసుల్లో చెత్త ఏరడానికి వాడేవారు. శుభ్రం చేసే మాట చివరికి గందరగోళం చేసే మాటైంది. ధాతువును నమ్ముకుని గార్బుల్ అర్థం ఊహిస్తే బోల్తా పడినట్టే.

అపోహ: జాబితా ఎంత పొడవైతే అంత మంచిది.

పొడవు కాదు, ఏ మాట ఎక్కడ కుదురుతుందో తెలియడం ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. వాక్యంలో గీత గీసిన పదానికి పర్యాయపదం అడిగితే ముందు దాని కర్మను (ఆబ్జెక్ట్‌ను), అంటే వంకరపోయింది ఏమిటో చూడండి. తర్వాత ఒక్కో ఆప్షన్‌నూ ఆ వాక్యంలోనే పెట్టి చదవండి. రెండు నిలబడితే ‘కావాలని చేశారా, తనంతట తాను జరిగిందా’ అని అడగండి. నోట్సులో క్రియను ఒంటరిగా రాయకుండా జతగా రాసుకోండి: డిస్టార్ట్ ఫ్యాక్ట్స్, ట్విస్ట్ వర్డ్స్, స్క్యూ రిజల్ట్స్, గార్బుల్ ఎ మెసేజ్. వ్యతిరేకపదమూ అంతే. తీగ మెలికకు స్ట్రెయిటెన్ సరిపోతుంది, మాట మెలికకు క్లారిఫై దగ్గరవుతుంది.

ఉచ్చారణ సంగతి ఒక్క మాటలో: వార్ప్ మొదట్లో వినిపించేది యుద్ధం ‘వార్’లోని శబ్దం, ‘హార్ప్’కు ప్రాస కాదు. వార్ప్‌డ్ చివర ‘ట్’ పలుకుతుంది.