కిడ్నీలను పాడుచేసేది మాత్రలు కాదు, షుగరు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లోని మా క్లినిక్‌కు వచ్చిన ఒక పెద్దాయన, "షుగరు మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయటగా డాక్టరుగారూ, మూడు నెలలుగా మానేశాను" అన్నారు. ఈ మాట వినని వారం లేదు. పరగడుపు షుగరు 130 అని చూపించి ధీమాగా కూర్చున్నారు. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మానేశారట. గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 9.1, అంటే బాగా ఎక్కువ.

పస్తులకు లొంగే అంకె కాదది. గ్లూకోజు ఏ ఎంజైమూ అక్కర్లేకుండానే హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. ఎర్రకణం బతికే సుమారు 120 రోజులూ దాన్ని మోస్తూనే ఉంటుంది. రక్తనాళం గోడలోని కొల్లాజెన్‌కూ చక్కెర అలాగే పడుతుంది. అది ఏళ్ల తరబడి మారని ప్రొటీను. పట్టిన చక్కెర క్రమంగా ఏజీఈలనే విడదీయలేని పదార్థాలుగా మారి దాని పోగులను ఒకదానికొకటి బిగించేస్తే గోడ సాగే గుణం కోల్పోతుంది. లోపలి పొర ఎండోథీలియంది మరో కష్టం. రక్తంలో గ్లూకోజు ఎంత పెరిగినా ఆ కణాలు దాన్ని గుమ్మంలో ఆపలేవు. లోపల కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో సూపర్‌ఆక్సైడు అనే హానికర ఆక్సిజన్ రూపం పెరిగి నైట్రిక్ ఆక్సైడును మింగేస్తుంది. నాళాన్ని వదులుగా ఉంచే వాయువు అదే. ఆ సంగతి కనుగొన్నవారికి 1998లో నోబెల్ ఇచ్చారు. కిడ్నీలో రక్తాన్ని వడకట్టేవి ఈ పొర ఉన్న సన్నని నాళాల కుచ్చులే. ఇంత జరుగుతున్నా నొప్పి మాత్రం ఉండదు.

మరి పుకారు ఎక్కడ పుట్టింది? షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర మూత్రంలోనే బయటికి పోవాలి. అందుకే కిడ్నీ దెబ్బతిన్నాక మోతాదు తగ్గిస్తాం, కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అంకె 30 కంటే కిందికి పడిపోతే ఆపేస్తాం. అది చూసిన బంధువులు మాత్ర వల్లే పాడైందని తేల్చేశారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మందులైతే కిడ్నీని కాపాడతాయని రోగుల మీద చేసిన పెద్ద ట్రయల్సే తేల్చాయి.

భయపడేవారిని నేను కసరను. మలక్‌పేటలో ఉండే మా మేనత్తా ఇలాగే భయపడింది. నేను మెడిసిన్ చదువుతున్న రోజుల్లో మాత్రలు మాని మూడేళ్లు మెంతుల నీళ్లు తాగింది. పాదాలు వాచాక గానీ చెప్పలేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు ఆమెను ఆటోలో తీసుకువెళ్లేవాణ్ని. ఆ భయాన్ని వాట్సాప్‌లో పంచేవారి మీదే నా కోపమంతా.

బెల్లం అంటారా, అదీ చక్కెరే. ఆ సూపర్‌ఆక్సైడు లాంటివాటిని అణచడానికని విటమిన్ ఇ బిళ్లలా? 2000లో వెలువడిన హోప్ ట్రయల్‌లో తొమ్మిది వేల మందికి పైగా చూస్తే గుండెకు లాభమేమీ కనబడలేదు.

కిడ్నీ పనితీరుకు రక్తంలో చూసే క్రియాటినిన్ బాగుందని ఊరుకోకండి. ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను పోతోందేమో చూపించుకోండి. క్రియాటినిన్ పెరగక ముందే కిడ్నీ జల్లెడ కారడం అందులో తెలుస్తుంది. పెద్దాయనకు అల్బుమిన్ కొద్దిగా పోతోంది. ఇంకా చేయి దాటలేదు. ఆ రాత్రే మాత్ర వేసుకున్నారని వాళ్ల అమ్మాయి ఫోను చేసి చెప్పింది.