పూరం ఏనుగుకు మూడు మీటర్ల చోటు

2024 నవంబరులో కేరళ హైకోర్టు ఉత్సవాల ఏనుగులకు కొన్ని కొలతలు నిర్ణయించింది. ఏనుగుకూ ఏనుగుకూ మధ్య 3 మీటర్లు, ఏనుగుకూ జనానికీ మధ్య 8 మీటర్లు, బాణసంచా కాల్చే చోటికి 100 మీటర్లు ఎడం ఉండాలంది. త్రిశూర్‌లో ఏటా జరిగే గుడి పండుగ పూరం విషయంలో గగ్గోలు పుట్టింది. పదిహేను ఏనుగులు పక్కపక్కనే ఒరుసుకుంటూ నిలబడకపోతే అది పూరమే కాదని నిర్వాహకుల బాధ. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేసింది.

పూరం అంటే మన పంచాంగంలోని పుబ్బ నక్షత్రం. మలయాళ మేడం నెలలో, ఏప్రిల్–మే ఎండల్లో ఈ పండుగ వస్తుంది. ఇది అనాదిగా ఉన్నదేమీ కాదు. 1790 నుంచి 1805 వరకు కొచ్చిని ఏలిన శక్తన్ తంపురాన్ మొదలుపెట్టినది. అంతకుముందు త్రిశూర్ చుట్టుపక్కల గుడులవారంతా దగ్గర్లోని ఆరాట్టుపుళ ఊరి పూరానికి వెళ్లేవారట. ఒక ఏడాది వానల వల్ల ఆలస్యమైతే లోపలికి రానివ్వలేదట. వాళ్లు రాజుకు మొరపెట్టుకున్నారు. ఆయన పది గుడులను వడక్కున్నాథన్ ఆలయం ముంగిటికి పిలిచి, పారమేక్కావు, తిరువంబాడి అని రెండు పక్షాలు చేశారు. ఇలంజితర మేళం అనే చెండ వాద్యాల హోరు, ఏనుగుల మీద పోటాపోటీగా గొడుగులు మార్చే కుడమాట్టం ఇప్పటికీ ఆ రెండు పక్షాల పంతం మీదే నడుస్తున్నాయి.

ఆ కాలంలో ఏనుగులకు కొదవ లేదు. అడవిలో గోతులు తవ్వి పట్టేవారు, కలప లాగించేవారు, పండుగ రోజుల్లో గుడికి పంపేవారు. సంస్థానాధీశులు మొక్కుగా సమర్పించేవారు కూడా. అడవి పనులు తగ్గాక పరిస్థితి తిరగబడింది. యజమానికి మిగిలిన రాబడి పండుగ అద్దె ఒక్కటే. దాన్ని అక్కడ ‘ఏక్కం’ అంటారు. పేరున్న ఏనుగుకు అభిమాన సంఘాలు, నిలువెత్తు ఫ్లెక్సీలు వచ్చాయి. ఎవరి తల ఎత్తుగా నిలుస్తుందో చూసే పోటీలూ వచ్చాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి లారీ ప్రయాణాలు పెరిగాయి.

ఆ ఏనుగును దగ్గరగా చూడండి. నుదుటి మీద బంగారు పూత బుడిపెలు కుట్టిన నెట్టిపట్టం, పైన దేవుడి తిడంబు, అంటే ఊరేగింపు ప్రతిమ, దాని పక్కన గొడుగు, వింజామరలు పట్టుకున్న మనుషులు. కాళ్లకు గొలుసులు. మనకు పట్టినట్టు దానికి ఒళ్లంతా చెమట పట్టదు. చెవులు విసురుకోవడమే దానికి చల్లదనం. నెట్టిపట్టం తళుకు చూసే కళ్లు ఆ చెవుల మీద నిలవవు. అవి ఎంత తొందరగా ఊగుతుంటే దానికి అంత ఉక్కగా ఉన్నట్టు. పైగా కేరళ ఉత్సవాలకు దంతాలున్న మగ ఏనుగులే కావాలి. నవంబరు నుంచి మే వరకు సాగే పండుగ కాలంలోనే చాలా మగ ఏనుగులకు మదం పుడుతుంది. అప్పుడు వాటికి కావలసింది విశ్రాంతి, ఏకాంతం.

ఏనుగును పట్టడానికి, అమ్మడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రమంగా దారులు మూసింది. బీహార్, అస్సాంల నుంచి కేరళకు కొత్త ఏనుగుల రాక దాదాపు ఆగిపోయింది. 2018 లెక్కల్లో ఆ రాష్ట్రంలో మిగిలిన పెంపుడు ఏనుగులు 521. పండుగలు తగ్గలేదు కాబట్టి ఉన్నవాటి మీదే భారం పడుతోంది. 2022 సవరణ మతపరమైన అవసరాలకు ఏనుగుల బదిలీకి వీలు కల్పించింది. దానివల్ల ఈ ఒత్తిడి తగ్గుతుందని నేను అనుకోను. బయటి నుంచి మరికొన్ని ఏనుగులను ఇదే ఎండలోకి తెస్తుంది, అంతే.

సుప్రీంకోర్టు స్టే వచ్చిన రెండు నెలలకు, 2025 ఫిబ్రవరిలో, కేరళలోనే కొయిలాండి దగ్గర గుడి ఉత్సవంలో రెండు ఏనుగులు బెదిరి కలబడ్డాయి. ముగ్గురు చనిపోయారు.

హైదరాబాద్ బోనాల్లో ఘటాన్ని మోయడానికి కర్ణాటక నుంచి ఏనుగును తెచ్చినప్పుడల్లా మనకూ ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. త్రిశూర్ జిల్లాలోని ఇరింజాడప్పిల్లి శ్రీకృష్ణ ఆలయం 2023లో యంత్రపు ఏనుగును తెచ్చుకుంది. దాని పేరు రామన్. ఆ గుడివారి నిర్ణయాన్ని గౌరవిస్తాను. కానీ పూరం నుంచి ఏనుగు పూర్తిగా వెళ్లిపోవాలని నా మనసు ఒప్పుకోదు. పదిహేనింటి చోట ఏడే నిలబడనివ్వండి, నీడలో, ఎడంగా, వేళకు నీళ్లు తాగి. ఈ పండుగకు ఈ రూపం ఇచ్చింది కూడా ఒక రాజు చేసిన మార్పే కదా.