దురద పుట్టినా గోకని ఒక గంట

గుంటూరు

అమ్ములూ, చిన్నోడా,

మొన్న ఫోన్లో అమ్ములు అడిగిన దానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. "అమ్మమ్మా, నువ్వెప్పుడూ అంత నిదానంగా ఎలా ఉంటావు? నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఫోన్ పెట్టేశాను. రాత్రి పడుకున్నాక ఆ మాటే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. నేను పుట్టుకతో నిదానమైన మనిషిని కాదు, మీ అమ్మను అడిగినా చెబుతుంది. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి. సంక్రాంతికి చార్జర్ కోసం పోట్లాడుకుని రెండు రోజులు ముఖముఖాలు చూసుకోలేదు కదా, అది కూడా ఇందులోకి వస్తుంది.

మా అన్నయ్యతో నేను పదకొండేళ్లు మాట్లాడలేదు. ఇంటి పంపకాలప్పుడు నలుగురిలో ఒక మాట అన్నాడు. ఆయన అన్నది ఒక్కసారే. నేను మాత్రం దాన్ని కొన్ని వేలసార్లు విన్నాను. కూర తరుగుతూ విన్నాను, బడిలో పేపర్లు దిద్దుతూ విన్నాను, పండక్కి పిండివంటలు చేస్తూ విన్నాను. బుద్ధుడు దీని గురించి రెండు బాణాల పోలిక చెప్పాడు. ఒక బాణం బయటినుంచి వచ్చి తగులుతుంది, ఒంటికి నొప్పి తప్పదు. ఆ నొప్పి మీద ఏడ్చి, రగిలి, మనసుకు తెచ్చుకునే బాధ రెండో బాణం. నేను పదకొండేళ్లపాటు రోజూ రెండో బాణాన్ని పొడుచుకుంటూ ఉన్నాను.

మీ తాతయ్య పోయిన మరుసటి ఏడాది హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న, విపస్సన అనే బౌద్ధ ధ్యానం నేర్పే కేంద్రానికి వెళ్లాను. పది రోజుల శిబిరం. ఫీజు ఉండదు, అంతకుముందు నేర్చుకున్నవాళ్లు ఇచ్చిన విరాళాలతో నడుస్తుంది. ఫోన్ అక్కడ అప్పగించేయాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి మరమరాలు, పండు, టీ, అంతే. నేర్పేది గోయెంకా గారి రికార్డు గొంతు. ఆయన బర్మాలో పుట్టిన వ్యాపారి. భరించలేని తలనొప్పి తగ్గించుకుందామని ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళితే, తలనొప్పి కోసమైతే రావద్దు, మనసు శుభ్రం చేసుకోవడానికైతే రమ్మన్నారట. 1969లో ఆయన భారతదేశం వచ్చి ఆ విద్య ఇక్కడ నేర్పడం మొదలుపెట్టారు.

మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి రావడం, పోవడం చూస్తూ కూర్చోవడమే. నాలుగో రోజు నుంచి ఒంట్లో తల నుంచి కాలిదాకా ఏం తెలుస్తోందో చూడమంటారు. రోజుకు మూడుసార్లు ఒక్కో గంట కదలకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి.

ఐదో రోజు పొద్దున ముక్కు పక్కన దురద పుట్టింది. చిన్న చీమ పాకినట్టు మొదలై, నిమిషంలో నా ప్రపంచమంతా ఆ ముక్కు పక్కనే ఉన్నట్టయింది. ఒళ్లో పెట్టుకున్న చెయ్యి తనంతట తనే లేవబోయింది. ఆపాను. ఏమిటీ దురద అని చూడటం మొదలుపెట్టాను. అది ఒకటిగా లేదు. వేడిగా కాసేపు, సూదుల్లా కాసేపు, మధ్యలో ఏమీ లేనట్టు. పెరిగింది, ఇంకా పెరిగింది, పక్కకు జరిగింది. ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు. అప్పటికి మోకాలు సలపడం మొదలైంది, దాన్నీ అలాగే చూశాను. అది పోలేదు గానీ, మంటను మంటలాగే చూస్తే అందులో ఏడుపు లేదని అర్థమైంది.

ఆ తరవాత, పిలవకుండానే, మా అన్నయ్య అన్న మాట వచ్చింది. గొంతు ఎండింది, గుండెల దగ్గర వేడెక్కింది, దవడ బిగుసుకుంది. అదీ ఒక దురదేనని అప్పుడు తెలిసింది. పదకొండేళ్లుగా నేను పోట్లాడుతున్నది అన్నయ్యతో అనుకున్నాను. నిజానికి నా గుండెల దగ్గర పుట్టిన వేడి నాకు వద్దు. అది పోవాలని ఆ మాటను గోకుతూ వచ్చాను, గోకేకొద్దీ పుండైంది.

తెలుగులో వేదన అంటే బాధే. బుద్ధుడి మాటలు దొరికే పాళీ భాషలో మాత్రం హాయి కూడా వేదనే, ఏమీ అనిపించకపోవడం కూడా వేదనే. హాయి తగలగానే "ఇంకా కావాలి" అని మనసు చెయ్యి చాస్తుంది, అది రాగం. నొప్పి తగలగానే "నాకొద్దు" అని తోసేస్తుంది, అది ద్వేషం. ద్వేషమంటే కత్తులు నూరడం అనుకుంటాం. ఎండాకాలం కరెంటు పోతే "అబ్బా" అని విసుక్కుంటామే, అదీ ద్వేషం పిల్లే. ఈ రెండూ జరుగుతున్నాయని తెలియకపోవడం మోహం. హాయినీ నొప్పినీ ఆపడం మన చేతిలో లేదు. అవి తగిలాక చెయ్యి లేచేలోపు చిన్న జాగా ఉంటుంది. నేను నేర్చుకున్నదల్లా ఆ జాగాలో కాసేపు కూర్చోవడం.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తుంటే నా దురద నాకే ఎదురొచ్చింది. నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తోందో ఆ బౌద్ధ గురువు ఆచార్య నాగార్జునుడి రత్నావళి అనే పుస్తకంలో ఉంది: గోక్కుంటే సుఖమే, కానీ దురద లేకపోవడం అంతకన్నా సుఖం, కోరికలు కూడా అలాంటివే అని. చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆయన శాతవాహన రాజుకు ఒక ఉత్తరం కూడా రాశాడని చెబుతారు, పేరు సుహృల్లేఖ. సంస్కృత మూలం పోయింది, టిబెటన్, చైనా అనువాదాల్లో మిగిలింది. ఏడో శతాబ్దంలో మన దేశానికొచ్చిన చైనా బౌద్ధ యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడ చదువుకునేవాళ్లు మొదట్లోనే దాన్ని కంఠతా పట్టేవారని రాశాడు. లాభనష్టాలు, సుఖదుఃఖాలు, పొగడ్త, తెగడ్త, పేరు, అపకీర్తి, ఈ ఎనిమిదింటినీ సమానంగా చూడమని అందులో రాజుకు చెబుతాడు.

అమ్ములూ, నీ వీకెండ్ టెస్టు ర్యాంకు ఆ ఎనిమిదిలోదే. ర్యాంకు మీద ఆశ వదిలేస్తే ఇక చదవడం ఎందుకు అంటావు. సోణుడనే భిక్షువు సంగతి చెబుతాను. సుకుమారంగా పెరిగినవాడు, పాదాలు నెత్తురోడేదాకా నడుస్తూ సాధన చేశాడు. అయినా ఫలితం రాక, ఇల్లు చేరదామనుకున్నాడు. అతను వీణ వాయిస్తాడని బుద్ధుడికి తెలుసు. తీగ మరీ బిగించినప్పుడు పలికిందా, వదులైనప్పుడు పలికిందా అని అడిగాడు. బుద్ధుడు అతన్ని వీణ పక్కన పెట్టమనలేదమ్మా, శ్రుతి చేసుకోమన్నాడు. లెక్క అర్థమైనప్పుడు నీకు కలిగే సంతోషం మంచిది, దాన్ని వదలొద్దు. ర్యాంకులు పెట్టిన రోజు ఫోన్ తెరవకముందే కడుపులో ఏదో తిప్పినట్టవుతుందన్నావు చూడు, ఈసారి రెండు నిమిషాలు దాన్నే చూడు. పోగొట్టాలని మాత్రం చూడకు, అలా చూస్తే అది కూడా "నాకొద్దు" అనడమే.

చిన్నోడా, క్లాసులో నీకు పెట్టిన పేరు సంగతి అమ్మ చెప్పింది. ఒక బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. "మీ ఇంటికొచ్చిన చుట్టాలు నువ్వు పెట్టింది తినకపోతే అది ఎవరిదవుతుంది?" అని ఆయన అడిగాడు. "నాదే" అన్నాడతను. "నీ తిట్లు నేను తీసుకోలేదు, అవి నీవే" అన్నాడు బుద్ధుడు. అంటే అన్నీ నోరు మూసుకుని పడమని కాదు నాన్నా. ఎవరైనా కొట్టినా, రోజూ ఏడిపించినా టీచరుకి చెప్పాలి, అమ్మకి చెప్పాలి. చెప్పేటప్పుడు వాడి మీద మంటతో కాకుండా, జరిగింది జరిగినట్టు చెప్పు.

శిబిరం నుంచి వచ్చిన వారానికి అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఆఁ, బాగున్నావా" అన్నాడు. తరవాత ఆ ఏడాది మామిడి పూత రాలిపోయిన సంగతి చాలాసేపు చెప్పాడు. ఇంటి విషయం ఎవరం ఎత్తలేదు, ఈరోజుకీ తేలలేదు. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది, గుండెల దగ్గర వేడెక్కుతుంది. చేతిలో పని ఆపి కాసేపు చూస్తాను.

సెలవులకి వచ్చినప్పుడు పొద్దున్నే లాంచీ ఎక్కి నాగార్జునకొండకి వెళదాం. డ్యామ్ కట్టినప్పుడు లోయ మునిగిపోతుందని తవ్వి తీసిన శిల్పాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. అన్నయ్య కూడా వస్తానన్నాడు. లాంచీలో ఆయనకు అంచున కూర్చోవడం ఇష్టం, అక్కడ కూర్చోనివ్వండి.

మీ అమ్మమ్మ