చేపల డబ్బా మీద యుద్ధం నీడ

చిరంజీవులకు,

చేపలు పట్టేవాడు తన చేపలు తనకిష్టమైన వాళ్ళకు అమ్ముకోకుండా ఎవరు ఆపగలరని మొన్న చిన్నవాడు అడిగాడు. మొదటి ప్రపంచయుద్ధంలో నార్వేకు ఏం జరిగిందో చెబుతాను.

నార్వే ఏ పక్షమూ చేరని దేశం. కానీ దాని దగ్గర ఉప్పు వేసిన హెర్రింగ్ చేపలు, ఎండబెట్టిన కాడ్ చేపలు, స్టవాంగర్ ఊరి ఫ్యాక్టరీల్లో డబ్బాల్లో పెట్టిన చిన్న చేపలు ఉన్నాయి. కుళ్ళని తిండి అంటే సైన్యానికి బంగారం. పైగా చేప నూనె నుంచి గ్లిజరిన్, గ్లిజరిన్ నుంచి పేలుడు పదార్థం వస్తాయి. బ్రిటన్ సముద్రం మీద దిగ్బంధం పెట్టడంతో తిండికి కటకటలాడుతున్న జర్మనీ, నార్వే చేపలకు ఎంత ధరైనా ఇస్తానంది. ధరలు ఆకాశానికి ఎక్కాయి. అక్కడి వ్యాపారులకు పండగే అనుకోండి!

బ్రిటన్ ముందు డబ్బుతోనే ఆట కట్టిద్దామని 1916 మొదట్లో గుట్టుచప్పుడు కాకుండా చేపలు కొనడం మొదలుపెట్టింది. కొన్నకొద్దీ ధర పెరిగింది. అప్పుడు వేరే దారి పట్టింది. చేప నార్వేదే, నిజమే. మరి తగరం పూత రేకు? పడవ నడిపే రాక్షసి బొగ్గు, నూనె? అవన్నీ సముద్రం దాటి రావాలి, సముద్రం బ్రిటన్ చేతిలో ఉంది. ఈ రేకుతో చేసిన డబ్బా శత్రువుకు అమ్మబోమని రాసిస్తేనే రేకు అనేది షరతు. చిన్నవాడి ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. రేవులో కాపలా కంటే ఈ రేకు గట్టి పని చేసింది.

1916 ఆగస్టులో రహస్య ఒప్పందం కుదిరింది. లైసెన్సు లేకుండా చేపలు ఎగుమతి చేయకూడదని నార్వే ఆంక్ష పెట్టింది. దేశంలో తినగా మిగిలినదాంట్లో 85 శాతం నిర్ణీత ధరకు బ్రిటన్ కొంటుంది. మిగతా 15 శాతం ఇతరులకు అమ్ముకోవచ్చు. ఆ పదిహేను దగ్గరే తగవులన్నీ.

జర్మనీ ఊరుకుంటుందా? ఆ శరత్కాలంలో దాని జలాంతర్గాములు నార్వే ఓడలను ముంచాయి. అక్టోబరులో నార్వే తన జలాల్లోకి యుద్ధ జలాంతర్గాములు రాకూడదని ఉత్తర్వు ఇచ్చింది. దాంతో బెర్లిన్‌కు కోపం. ఇటు లండన్‌కూ కోపమే: చేపల ఒప్పందం, దానితోపాటు రాగి ఖనిజం మీద ఉన్న మరో ఒప్పందం నార్వే సరిగా పాటించడం లేదని బొగ్గు ఆపేసింది. నడి చలికాలం! పొయ్యిలో బొగ్గు లేక వణికిన ఇళ్ళవాళ్ళలో ఒక్క చేపా పట్టనివాళ్ళు ఎందరో. 1917 ఫిబ్రవరిలో గానీ బొగ్గు ఓడలు మళ్ళీ కదల్లేదు.

అట్లాసులో స్టవాంగర్ ఎక్కడుందో వెతికి పెట్టండి. నేనొచ్చినప్పుడు చూపించాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య