సప్లిమెంట్ సీసా చూసి అసలుదో నకిలీదో చెప్పగలమా? అపోహలు - వాస్తవాలు

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయి అశ్వగంధ క్యాప్సూళ్ల సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు రోజూ ఇవే కదమ్మా టెస్టు చేసేది, ఇది అసలుదో కాదో చూసి చెప్పు" అన్నాడు. హైదరాబాద్‌లో మూలికల ఎక్స్‌ట్రాక్టులు, విటమిన్లు పరీక్షించే ల్యాబ్‌లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. అయినా సీసా చూసి చెప్పడం నావల్ల కాదన్నాను. ఆయన నమ్మలేదు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయనకు చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: శాతం ఎంత ఎక్కువుంటే సరుకు అంత మంచిది

బాబాయి సీసా మీద "విథనోలైడ్లు 5 శాతం" అని పెద్ద అక్షరాలతో ఉంది. అశ్వగంధలో మేం లెక్కగట్టే పదార్థాల గుంపు పేరు అది. మన పెద్దవాళ్లు పెన్నేరు గడ్డ అన్నది ఈ మొక్క వేరునే. ఆయుర్వేదంలోనూ ప్రధానంగా వాడేది ఈ వేరునే. వేరంటే తవ్వాలి, మట్టి కడగాలి, ఎండబెట్టాలి, అందుకే దానికి ధర. ఆకు చవగ్గా దొరుకుతుంది. పైగా విథాఫెరిన్-ఎ అనే విథనోలైడ్ వేరులో కంటే ఆకులో బాగా ఎక్కువ. వేరు ఎక్స్‌ట్రాక్టులో కాస్త ఆకు ఎక్స్‌ట్రాక్టు కలిపితే శాతం ఇట్టే పెరుగుతుంది. లేబుల్ మీద అంకె నిజమే ఉంటుంది, అది ఎక్కడినుంచి వచ్చిందన్న దగ్గరే మోసం. ఆకులు వాడొద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదార్లకు సూచన కూడా ఇచ్చింది.

మొత్తం శాతం ఒక్కటే కొలిస్తే ఈ కల్తీ దొరకదు. మేం ఏం చేస్తామంటే, పొడిని ద్రావకంలో కలిపి, సన్నటి పూత పూసిన పలక అడుగున చిన్న గీతలా పెడతాం. పక్కనే అసలు వేరుది ఒక గీత, అసలు ఆకుది ఒక గీత. పలకను ద్రావకంలో నిలబెడితే అది పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తులో వదిలేస్తుంది. తర్వాత అతినీలలోహిత దీపం కింద పెట్టి చూస్తాం. ఆకులోని పత్రహరితం ఎర్రగా మెరుస్తుంది. రసాయనం చల్లితే ఆకులోని ఫ్లేవనాయిడ్లు పట్టీలు పట్టీలుగా బయటపడతాయి. "పూర్తిగా వేరు" అని రాసిచ్చిన ఒక శాంపిల్‌లో ఆ పట్టీలు ఆకు గీతలో ఉన్న ఎత్తుల్లోనే వరసగా కనిపించాయి. ఇలాంటివి నాకు ఒకసారి ఎదురై ఆగలేదు.

కొలిచే పద్ధతిని బట్టి కూడా శాతం మారుతుంది. పొడిలోంచి ద్రావకంతో తీసిన ముద్దను తూకం వేసి "ఇదంతా విథనోలైడే" అని రాయొచ్చు. అదే పొడిని హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలిస్తే అంకె బాగా తగ్గుతుంది. అందుకే పద్ధతి పేరు లేని శాతాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

పసుపుదీ ఇదే కథ. నిజామాబాద్ యార్డులోనో దుగ్గిరాలలోనో అమ్మే కొమ్ములో, పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ సుమారు 3 శాతం. క్యాప్సూల్ మీద రాసే 95 శాతం, కొమ్ములోంచి తీసి చిక్కబరిచిన ఎక్స్‌ట్రాక్టుది. దాన్ని యంత్రంలో పెడితే కాగితం మీద మూడు శిఖరాలు రావాలి. పెద్దది కుర్కుమిన్, పక్కన దాని తోబుట్టువులు రెండు. ఒక్క శిఖరమే నిటారుగా లేచి మిగతావి లేకపోతే, ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసిందేమోనని అనుమానించాలి. అప్పుడు కార్బన్-14 పరీక్షకు పంపుతారు. నిన్నమొన్నటి పంటలో కార్బన్-14 ఉంటుంది. పెట్రోలియం నుంచి చేసిన పదార్థంలో ఉండదు, కోట్ల ఏళ్లలో అదంతా హరించుకుపోయింది కాబట్టి.

ప్రోటీన్ పొడుల్లో మోసం ఇంకా సులువు. మామూలు పరీక్ష ప్రోటీన్‌ని నేరుగా కొలవదు. నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. కాబట్టి నైట్రోజన్ ఉన్న గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపినా "ప్రోటీన్" పెరిగినట్టే కనిపిస్తుంది. 2008లో చైనాలో పాలలో మెలమిన్ అనే, నైట్రోజన్ దండిగా ఉన్న రసాయనం కలిపింది ఈ లొసుగు పట్టుకునే. సుమారు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మనసు కుదుటపడదు. పొడి కొనేవాళ్లు గ్రాముల అంకెతో ఆగకుండా అమైనో ఆమ్లాల పట్టిక కూడా అడగండి.

అపోహ: నీళ్లలో ఉండకట్టకుండా కరిగితే అసలు వే ప్రోటీన్ (పాల విరుగుడు నీటి ప్రోటీన్)

లెసిథిన్ కలిపిన పొడి ఏదైనా చక్కగా కరుగుతుంది. అయోడిన్ చుక్క వేసి నీలం రంగు వస్తుందా అని చూసే పరీక్ష స్టార్చ్‌నే (గంజి పిండిని) పట్టుకుంటుంది. స్టార్చ్‌ని విడగొట్టి చేసే మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపితే ఆ నీలం రంగు రాదు, కల్తీ లేదని మీరు సంబరపడిపోతారు.

అపోహ: బార్‌కోడ్ 890తో మొదలైతే ఇక్కడి తయారీ, లేకపోతే విదేశీ సరుకు

890 అంటే ఆ కంపెనీ బార్‌కోడ్ నంబర్లిచ్చే జీఎస్1 ఇండియా సంస్థ దగ్గర నంబరు తీసుకుందని, అంతే. సరుకు ఎక్కడ తయారైందో ఆ అంకె చెప్పదు. తయారీదారు చిరునామా, దిగుమతిదారు చిరునామా చదవండి.

అపోహ: అమెరికా నుంచి తెప్పించుకుంటే దిగుల్లేదు

డల్లాస్ నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులో రెండు సీసాలైనా ఉంటాయి. అక్కడ 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్లను అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) పరీక్షించి ఆమోదించదు. సప్లిమెంట్ మీద "ఎఫ్‌డీఏ ఆమోదం" అని కనిపిస్తే అనుమానపడాల్సిందే. విడిగా పరీక్షించే సంస్థలిచ్చే "యూఎస్‌పీ వెరిఫైడ్", "ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్" ముద్రలకు విలువుంది, ఆ సంస్థల వెబ్‌సైట్లలో ఆ ఉత్పత్తి ఉందో లేదో చూసుకోవచ్చు. ముద్రను సీసా మీద అచ్చేసుకోవడం ఎవరికైనా చేతనవును, కాబట్టి తప్పకుండా చూసుకోండి.

మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరూ అంతే. అది వ్యాపారానికిచ్చిన లైసెన్సు. మీ చేతిలోని బ్యాచ్‌ని ఎవరో పరీక్షించారని దానర్థం కాదు. అయినా ఆ నంబరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, డబ్బా మీది పేరే వస్తుందో లేదో తెలుస్తుంది.

అపోహ: మాత్రే కదా, దేన్నుంచి చేస్తే ఏం?

విటమిన్ డి3 ఎక్కువగా గొర్రె ఉన్నిలోని జిడ్డు నుంచి వస్తుంది. కీళ్ల నొప్పులకు మింగే గ్లూకోసమైన్ చాలావరకు రొయ్యల, పీతల పెంకుల నుంచే. రొయ్యలు పడనివాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: మొక్కల నుంచి వచ్చింది కాబట్టి హాని చెయ్యదు

అశ్వగంధతోనూ, చిక్కటి కుర్కుమిన్‌తోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, మిరియాల పైపరిన్ కలిపి ఒంటికి బాగా పట్టేలా చేసిన క్యాప్సూల్ వేరు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మాత్రలు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, సీసా కూడా వెంట తీసుకెళ్లండి.

మరి ఇంట్లో కూర్చుని ఏం చేయగలం అని బాబాయి అడిగాడు. కంపెనీకి మెయిల్ పెట్టి ఆ బ్యాచ్ పరీక్ష నివేదిక పంపమని అడగమన్నాను. అందులోని బ్యాచ్ నంబరు సీసా మీదిదేనా, పరీక్ష పద్ధతి పేరుందా, మొక్కలో వాడిన భాగం రాశారా, సీసం, ఆర్సెనిక్ లాంటి భార లోహాల ఫలితాలున్నాయా చూడమన్నాను. తొమ్మిది రోజులకు జవాబొచ్చింది. వాట్సాప్‌లో నాకు ఫోటో పంపాడు. 5.0 శాతం అని ఉంది, పద్ధతి దగ్గర "తూకం" అని ఉంది. వాడిన భాగం అన్న గడి ఖాళీగా వదిలేశారు. బాబాయి ఆ సీసాను ఇంక ముట్టలేదు.