మాత్ర మొదలెట్టిన వారం భయం ఎందుకు పెరుగుతుంది?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత గొడవే మళ్లీ లేచింది. "యాంగ్జైటీకి మాత్ర రాశారు, మూడో రోజుకే దడ ఇంకా ఎక్కువైందండీ" అని ఒకరు పెడతారు. "సెరటోనిన్ కథంతా ఉత్తదని 2022లోనే తేలిపోయింది, ఆపేయండి" అని కింద జవాబులు.

యాంగ్జైటీకి రాసే ఈ మాత్రలు చాలావరకు సెరటోనిన్‌ను, అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనాన్ని, పెంచేవే. 2022లో బ్రిటిష్ సైకియాట్రిస్టు జోవన్నా మాంక్రీఫ్ బృందం సమీక్షించింది డిప్రెషన్‌ని. సెరటోనిన్ తగ్గడం వల్లే అది వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదంది. భయం సంగతి వేరు.

అసలు మలుపు 2004లో, న్యూయార్క్‌లో. మెదడు పరిశోధకులు నేషా బర్గార్ట్, జోసెఫ్ లెడూల బృందం ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, వెంటనే పాదాలకు చిన్న షాక్ ఇచ్చింది. తర్వాత షాక్ లేకుండా శబ్దం ఒక్కటే వినిపించినా ఎలుక బిగుసుకుపోతుంది. అలా ఎంతసేపు కదలకుండా ఉందన్నదే నేర్చుకున్న భయానికి కొలత. ఈ శిక్షణకు ముందు, సెరటోనిన్ పెంచే సిటలోప్రామ్ అనే మందు ఒక్క డోసు ఇస్తే ఆ భయం పెరిగింది. అదే మందు మూడు వారాలు రోజూ ఇచ్చాక శిక్షణ ఇస్తే తగ్గింది. 2007లో అదే బృందం ఇంకో ముడి విప్పింది: 5-హెచ్‌టీ2సీ అనే సెరటోనిన్ గ్రాహకాన్ని (కణం మీద సెరటోనిన్‌ను అందుకునే చోటుని) అడ్డుకుంటే, తొలి డోసుకు భయం పెరగడం లేదు. సెరటోనిన్‌ను 'హ్యాపీ హార్మోన్' అని రాసే ఆరోగ్య పేజీలకు ఈ సంగతి ఇంకా చేరినట్టు లేదు.

నిజానికి డీకిన్, గ్రేఫ్ అనే పరిశోధకులు 1991లోనే ఊహించారు: మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డలా వైపు వెళ్లే సెరటోనిన్ ఆందోళనను పెంచుతుందనీ, మెదడు కాండం వైపుది పానిక్‌ను, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే భయాన్ని, అణచివేస్తుందనీ. బెంగళూరుకూ ఇందులో వాటా ఉంది. 2011లో ఇక్కడి జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ ప్రయోగశాల, సిటలోప్రామ్ కోవదే అయిన ఫ్లూయోక్సెటిన్ కొద్దికాలం ఇచ్చిన ఎలుకల్లో ఆందోళన పెరగడం చూసింది.

సైకియాట్రిస్టులకు ఇది తెలియని విషయం కాదు. అందుకే పానిక్ ఉన్నవాళ్లకు తక్కువ డోసుతో మొదలెడతారు, అవసరమైతే తొలి వారాల్లో ఆందోళనను త్వరగా తగ్గించే క్లోనజెపామ్ కలుపుతారు. హడావుడి ఓపీల్లో ఆ ముక్క పేషెంటుకు చెప్పకుండానే ఉండిపోతుంది.

ఆపేయమనేవాళ్లు 2013 నాటి పేపర్ ఒకటి చూపిస్తారు. సిటలోప్రామ్ 22 రోజులు ఇచ్చిన ఎలుకలు భయాన్ని వదిలించుకోవడంలో వెనకబడ్డాయి. అదీ లెడూ బృందానిదే, కొట్టిపారేయలేం. కానీ 2011లో ఫిన్లాండ్ పరిశోధకులు ఫ్లూయోక్సెటిన్‌తో పాటు భయం పోగొట్టే శిక్షణా (షాక్ లేకుండా శబ్దం పదేపదే వినిపించడం) ఇస్తే, చిట్టెలుకల్లో పాత భయం తిరగబెట్టలేదు. ఈ రెండూ వారాల తరబడి మందు వాడిన జంతువుల సంగతులు. మూడో రోజు మాత్ర ఆపేసే మనిషికి రెండూ వర్తించవు.